శాలువా వేరు, హక్కు వేరు: సరిహద్దు జిల్లాల్లో ‘జాతీయ మానవ హక్కుల పురస్కారాలు’

క్లుప్తంగా: ‘జాతీయ మానవ హక్కుల పురస్కారం’ పేరుతో భారత ప్రభుత్వం వ్యక్తులకు ఇచ్చే అవార్డు ఏదీ లేదు. ఆ పేరుతో ఇచ్చేవన్నీ ప్రైవేటు సంస్థల పురస్కారాలే. వాటిలో చేసిన పనిని చూసి ఇచ్చేవి కొన్ని, కట్టిన రుసుమును చూసి ఇచ్చేవి కొన్ని. పురస్కారం ఎంత గొప్పదైనా, అందుకున్న వ్యక్తికి విచారణ జరిపే అధికారం దానివల్ల రాదు. రెండు రాష్ట్రాల మధ్య, మూడు నాలుగు భాషల మధ్య బతికే సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఈ తేడా తెలియడం ఎందుకు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

డిసెంబరు 10 దగ్గరపడితే తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో అభినందన ఫ్లెక్సీల బొమ్మలు మొదలవుతాయి. ఫలానా వారికి జాతీయ మానవ హక్కుల పురస్కారం, ఫలానా వారికి ‘మానవ హక్కుల రత్న’. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం పట్టణాల్లోనైనా, మహారాష్ట్రలోని సిరొంచ, రాజురా, ధర్మాబాద్ వైపునైనా వాటిని చూసినవారికి మొదట కలిగేది సంతోషమే. మన ఊరివారికి ఢిల్లీ గుర్తింపు వచ్చిందని అనుకుంటారు. తర్వాత సందేహం వస్తుంది. ఇది ప్రభుత్వం ఇచ్చిందా? అందుకున్నవారి దగ్గరికి పోలీసుల మీద, కాంట్రాక్టరు మీద ఫిర్యాదు తీసుకెళ్లవచ్చా?

ఆ తేదీకి ఒక చరిత్ర ఉంది. 1948 డిసెంబరు 10న ప్యారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. ఆ ప్రకటనలో ‘పురుషులందరూ’ అన్న అర్థం వచ్చే మాటను తీయించి ‘మానవులందరూ’ అని పెట్టించడంలో భారత ప్రతినిధి హంసా మెహతా పాత్ర ఉంది. అంతటి రోజు కావడం వల్లే పురస్కారాలు పంచేవారందరూ ఆ తేదీనే ఎంచుకుంటారు.

ప్రభుత్వ పురస్కారాలు ఏవి?

పద్మ పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. మరణానంతర పురస్కారాలు, విదేశీయులకు ఇచ్చేవి కాకుండా ఏటా 120కి మించి ఇవ్వరు. వాటిలో ‘సమాజ సేవ’ అనే విభాగం ఉంది కానీ ‘మానవ హక్కులు’ అనే ప్రత్యేక విభాగం లేదు. హక్కుల కోసం పనిచేసినవారు సమాజ సేవకులుగానో, మానవ హక్కుల పరిరక్షణను కూడా కలుపుకున్న ‘ఇతర’ విభాగం కిందో ఆ జాబితాలోకి వస్తారు. గాంధీ శాంతి బహుమతిని 1995లో నెలకొల్పారు. దాని విలువ కోటి రూపాయలు. మహిళలకు నారీశక్తి పురస్కారం, వృద్ధుల కోసం పనిచేసేవారికి వయోశ్రేష్ఠ సమ్మాన్ ఇచ్చిన సంవత్సరాలున్నాయి. వికలాంగుల సాధికారతకు డిసెంబరు 3న ఇచ్చే జాతీయ అవార్డులు వేరే ఉన్నాయి. అంటే హక్కుల రంగాన్ని ప్రభుత్వం ముక్కలుగా గుర్తిస్తుంది. మొత్తంగా ‘మానవ హక్కులు’ అన్న పేరు మీద ప్రత్యేక పురస్కారం మాత్రం ఇవ్వదు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ కూడా అంతే. షార్ట్ ఫిల్ములకు 2015 నుంచి పోటీ పెట్టి బహుమతులిస్తోంది. హిందీలో మానవ హక్కులపై పుస్తకాలు రాసినవారికి పురస్కారం కూడా ఇచ్చింది. ఉద్యమకారులకు, సేవకులకు పతకాలివ్వడం దాని పని కాదు. ఆస్ట్రేలియాలో పరిస్థితి వేరు. అక్కడి మానవ హక్కుల కమిషనే 1987 నుంచి పతకం ఇస్తోంది. ఫ్రాన్స్‌లో 1988 నుంచి గణతంత్రం పేరుతోనే మానవ హక్కుల బహుమతి ఉంది. మన దేశంలో ఆ చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోకే రకరకాల సంస్థలు వచ్చి చేరాయి.

అలా వచ్చినవన్నీ చెడ్డవని చెప్పడం అన్యాయం. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ హక్కుల పాత్రికేయానికి ఇచ్చే అవార్డు, ముంబయిలో నానీ పాల్కీవాలా స్మారక ట్రస్టు పౌర స్వేచ్ఛల పరిరక్షణకు ఇచ్చే అవార్డు ప్రైవేటువే. వాటి విలువ ఎంపికలో ఉంది. ఎవరు ఎంచుతున్నారో, ఏ పనికి ఎంచుతున్నారో బయటికి చెబుతారు. గ్రహీత నుంచి రూపాయి తీసుకోరు. ప్రైవేటుదా ప్రభుత్వానిదా అన్న ప్రశ్న కన్నా ఇది ముఖ్యమైన ప్రశ్న.

డబ్బు కట్టి తెచ్చుకునే అవార్డు నడిచే తీరు

1860 నాటి సంఘాల నమోదు చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే ఒక సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. మహారాష్ట్రలో పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడా నమోదు కావాలి. ఇది పౌరులకు ఉన్న మంచి సౌకర్యం. యువజన సంఘాలు, గ్రంథాలయాలు, తెలుగు సాంస్కృతిక సమితులు అన్నీ ఈ దారిలో పుట్టినవే. అయితే నమోదు అంటే ఆ సంఘం ఉన్నదని ప్రభుత్వం రాసి పెట్టుకోవడం మాత్రమే. దాని పనిని ప్రభుత్వం మెచ్చుకుందని కాదు, దానికి అధికారం అప్పగించిందని అంతకన్నా కాదు.

రుసుము పురస్కారాలు ఈ తేడా మీదే నిలబడతాయి. ధ్రువపత్రం అడుగున రిజిస్ట్రేషన్ నంబరు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు, ఐఎస్ఓ ముద్ర, కొన్నిసార్లు సూక్ష్మ పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ నంబరు కూడా వరుసగా అచ్చువేస్తారు. చదివేవారికి ఇన్ని నంబర్లు ఉన్నాయి కాబట్టి ప్రభుత్వానిదే అనిపిస్తుంది. దర్పణ్ నంబరు స్వచ్ఛంద సంస్థ వివరాలు నింపితే వచ్చేది, ఉద్యమ్ నంబరు వ్యాపారం నమోదు చేస్తే వచ్చేది. వీటిలో ఏ ఒక్కటీ హక్కుల పనికి యోగ్యతాపత్రం కాదు.

పేరు దగ్గర మరో మెలిక ఉంది. ‘కమిషన్’ అన్న మాట వాడలేకపోతే ‘కౌన్సిల్’, ‘మిషన్’, ‘బ్యూరో’, ‘పరిషత్’ అని పెడతారు. ముందు ‘జాతీయ’ లేదా ‘అంతర్జాతీయ’ చేరుస్తారు. నీలి రంగు, తెల్లని చేతులు, కొమ్మలు ఉన్న గుర్తు గీయిస్తారు. దూరం నుంచి చూస్తే కమిషన్ గుర్తులాగానో ఐక్యరాజ్యసమితి గుర్తులాగానో ఉంటుంది. తనలాంటి పేర్లు పెట్టుకుని జనాన్ని తప్పుదారి పట్టించే సంస్థల గురించి జాతీయ కమిషన్ పలుమార్లు హెచ్చరించింది. ఎవరైనా మూడు సింహాల రాజచిహ్నాన్నే వాడితే అది 2005 నాటి చట్టం కింద నేరం. రెండేళ్ల వరకు జైలు పడవచ్చు.

తర్వాతి మెట్టు పదవి. అవార్డుతో పాటు, లేదా అవార్డుకు ముందే, సభ్యత్వ రుసుము కట్టించుకుని ‘జిల్లా అధ్యక్షుడు’, ‘రాష్ట్ర కార్యదర్శి’ అని ఐడీ కార్డు ఇస్తారు. బండికి అంటించుకునే స్టిక్కరు, లెటర్‌హెడ్ వస్తాయి. పదవి పెరిగితే రుసుమూ పెరుగుతుంది. సరిహద్దు జిల్లాల్లో ఇక్కడ ఒక చిన్న ఆనవాలు పట్టుకోవచ్చు. కొన్ని కార్డుల మీద ‘మండల అధ్యక్షుడు’ అని ఉంటుంది. ఒడిశాలో ఉండేవి బ్లాకులు, తహసీళ్లు. మహారాష్ట్రలో తాలూకాలు. బ్లాకు, తాలూకా స్థాయిలో రెవెన్యూ మండలమనేది తెలుగు రాష్ట్రాల ఏర్పాటు. ఆ మాట కనిపిస్తే, కార్డు అచ్చువేసినవారికి ఈ జిల్లాల పాలన తీరు తెలియకపోయి ఉండవచ్చు.

ఇదంతా జనం ఎందుకు కొంటున్నారన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. తీసుకునేవారిలో దురాశతో వచ్చేవారు కొందరైతే, నిజంగా పనిచేసినవారు కూడా ఎందరో ఉంటారు. రక్తదానం చేయించే యువకుడు, జ్వరాల రోజుల్లో వాగు దాటి మందులు పట్టుకెళ్లే ఆశా కార్యకర్త, పిల్లల్ని బడికి తెచ్చే అంగన్‌వాడీ కార్యకర్త. వారి పనిని జిల్లా కేంద్రం పట్టించుకోదు, రాష్ట్ర రాజధానికి అది తెలియదు. ఎవరో ఫోను చేసి ‘మీ సేవలు గుర్తించాం’ అంటే ఆ ఒక్క మాటకు మనసు కరగడం సహజం. తప్పు వారిది కాదు. పనిచేసినవారిని ఊరి దగ్గరే గుర్తించే ఏర్పాటు లేకపోవడం అసలు లోపం. వారి చేత హాలు ఖర్చులకని, జ్ఞాపికకని డబ్బు కట్టించుకోవడం నిజమైన సేవను అవమానించడమే.

చట్టం పురస్కారానికి ఇచ్చే విలువ

సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప వేరే బిరుదులను రాజ్యం ఇవ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణం చెబుతోంది. భారతరత్న, పద్మ పురస్కారాలు బిరుదులా కాదా అన్న వివాదం బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చింది. అవి బిరుదులు కావని, అయితే వాటిని పేరుకు ముందు గానీ వెనుక గానీ తగిలించుకోకూడదని కోర్టు తేల్చింది. భారతరత్న అందుకున్నవారికే ఆ నియమం ఉన్నప్పుడు, రుసుముతో వచ్చిన ‘రత్న’ను పేరుకు ముందు రాసుకోవడం వల్ల ఏ హోదా వస్తుంది? వీటితో కలిపి ఇచ్చే ‘గౌరవ డాక్టరేట్ల’ సంగతీ ఇదే. చట్టం గుర్తించిన విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థలు తప్ప మరెవరూ డిగ్రీ ఇవ్వలేరని 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షను చెబుతోంది.

అధికారం విషయం మరీ స్పష్టం. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం విచారణ చేసే అధికారం జాతీయ, రాష్ట్ర కమిషన్లదే. సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో వాటికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. అయినా కమిషన్ చివర ఇచ్చేది తీర్పు కాదు, సిఫారసు. దానిపై తీసుకున్న చర్యను ప్రభుత్వం నెలలోగా, లేదా కమిషన్ పెంచిన గడువులోగా తెలపాలి. చట్టం పెట్టిన కమిషన్‌కే ఇన్ని హద్దులున్నాయి. కార్డు చూపించి పోలీసు ఠాణాలోనో రేషన్ దుకాణంలోనో ‘తనిఖీ’కి దిగినవారికి ఏ చట్టమూ అండగా ఉండదు. ప్రభుత్వోద్యోగినని నమ్మించి అలా చేస్తే భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను కింద కేసు అవుతుంది. డబ్బు కట్టి కార్డు పుచ్చుకున్న అమాయకుడే చాలాసార్లు ఈ చిక్కులో పడతాడు. అమ్మినవారు వేరే రాష్ట్రంలో ఉంటారు.

కమిషన్ పనిని కొలవాలంటే

ఒడిశాలోని అవిభక్త కోరాపుట్, బొలంగీర్, కలహండి జిల్లాలను కలిపి కేబీకే అంటారు. ఈనాటి రాయగడ, మల్కన్‌గిరి జిల్లాలు 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడివడినవే. అక్కడి కరవు, ఆకలి చావుల ఫిర్యాదులను 1996 డిసెంబరులో జాతీయ కమిషన్ విచారణకు తీసుకుంది. సుప్రీంకోర్టుకు వెళ్లినవారిని కూడా కోర్టు కమిషన్ దగ్గరికే పంపింది. కమిషన్ ఏళ్ల తరబడి తాగునీరు, ప్రాథమిక వైద్యం, ఆహార పంపిణీ, ఉపాధి పనుల అమలును గమనించింది, ప్రత్యేక పరిశీలకుడిని పంపింది. గౌరవంతో బతికే హక్కులో తిండి హక్కు కలిసి ఉందని 2003 జనవరిలో ప్రకటించింది. ఈ జిల్లాలకు ఒక జాతీయ సంస్థ చేసిన మేలు ఏమిటని అడిగితే మొదట చెప్పవలసింది ఇదే. దీనికి వేదిక లేదు, శాలువా లేదు.

ఈ నేల మీది పేర్లు

నిజమైన గుర్తింపులు ఈ సరిహద్దుకు రాకపోలేదు. చంద్రపూర్ జిల్లా వరోరా దగ్గర 1949లో కుష్ఠు రోగుల కోసం ఆనందవన్ స్థాపించిన బాబా ఆమ్టే 1988లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల బహుమతి అందుకున్నారు. ఆ ఏడాది జాబితాలోనే నెల్సన్ మండేలా పేరు, విశ్వ ప్రకటన తొలి ముసాయిదా రాసిన జాన్ హంఫ్రీ పేరు ఉన్నాయి. ఐదేళ్లకొకసారి ఇచ్చే ఆ బహుమతి రాజురా, బల్లార్షా తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన జిల్లాకు వచ్చింది. అదే ఆమ్టే, నర్మద నిర్వాసితులైన ఆదివాసుల పట్ల ప్రభుత్వం వ్యవహరించిన తీరుకు నిరసనగా తన పద్మ పురస్కారాలను తిరిగి ఇచ్చేశారు. ఆయన కుమారుడు ప్రకాశ్, కోడలు మందాకిని 1973 నుంచి గడ్చిరోలి జిల్లా హేమల్కసాలో మాడియా గోండులకు వైద్యం చేస్తూ 2008లో రామన్ మెగసెసె పురస్కారం పొందారు.

ఒడిశా వైపు నియమగిరి కథ పురస్కారాల పరిమితిని బాగా చూపిస్తుంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్న విషయంలో గ్రామసభల మాట వినమంది. జులై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో ఐదు పల్లి సభలు (ఒడిశాలో గ్రామసభ పేరు) జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఈ పోరాటంలో పనిచేసిన ప్రఫుల్ల సామంతరాకు 2017లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. ఆయనకు అది తగినదే. అయితే ఆ పన్నెండు సభల్లో నిలబడి, తమ భాషలో తమ కొండ గురించి మాట్లాడిన డోంగ్రియా కోంధు ఆదివాసుల పేర్లు ఏ పతకం మీదా పట్టవు. పురస్కారం ఒక ముఖాన్ని వెతుకుతుంది. హక్కు చాలాసార్లు ఊరంతా కలిసి సాధించేది. కోరాపుట్ జిల్లా జైపూర్ దగ్గరి పల్లె నుంచి దేశవాళీ వరి వంగడాలను కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పూజారిని గుర్తించింది కూడా వ్యవసాయం విభాగంలోనే. విత్తనం మీద రైతు హక్కు మానవ హక్కే అని చెప్పే గడి ఆ దరఖాస్తులో లేదు.

సరిహద్దులో చిక్కు ఎందుకు పెరుగుతుంది

మొదటి కారణం దూరం. మల్కన్‌గిరి నుంచి భువనేశ్వర్ 600 కిలోమీటర్ల పైమాట. సిరొంచ నుంచి ముంబయి వెయ్యి కిలోమీటర్ల మేర ఉంటుంది. హైదరాబాదు అందులో మూడో వంతు కూడా ఉండదు. అందుకే సిరొంచ తెలుగువారు ఆసుపత్రికి, చదువుకు, కబుర్లకు ప్రాణహిత, గోదావరి దాటి తెలంగాణ వైపు చూస్తారు. అక్కడి సంస్థ అవార్డు ప్రకటిస్తే తమదే అనుకుంటారు. కానీ ఫిర్యాదుకు ఆ చూపు పనికిరాదు. హక్కు ఎక్కడ భంగపడిందో అక్కడి రాష్ట్ర కమిషన్ గానీ, జాతీయ కమిషన్ గానీ దానిని వినాలి. మేడిగడ్డ బ్యారేజీ నీటితో సిరొంచ తాలూకాలో పొలాలు మునిగాయని రైతులు ఆందోళన చేసినప్పుడు నీరు నిలిపినది ఒక రాష్ట్రం, భూమి మునిగినది మరో రాష్ట్రంలో. ఇలాంటివాటికి రాష్ట్ర కమిషన్ కన్నా జాతీయ కమిషన్ తలుపు తట్టడమే తగిన దారి. రెండు చోట్లా ఒకేసారి అర్జీ పెడితే మాత్రం నష్టం. ఒక కమిషన్ ముందున్న విషయాన్ని మరో కమిషన్ చేపట్టకూడదని చట్టం అంటోంది.

రెండో కారణం భాష. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా జాతీయ కమిషన్‌కు రాయవచ్చు, రుసుము లేదు. తెలుగులో రాసినా చెల్లుతుంది. ఈ సంగతి తెలియక, ఆంగ్లంలో రాసిపెడతానన్న కార్డుదారుకు డబ్బు ఇచ్చేవారున్నారు. కువి, గోండి, కోయ భాషలు ఆ షెడ్యూలులో లేవు. ఆ భాషలవారి మాటను అర్జీగా మార్చేది చాలాచోట్ల తెలుగో ఒడియానో మరాఠీనో వచ్చిన పొరుగువారే. ఆ పొరుగువారు నిజాయతీగా ఉంటే చాలు, కార్డు అక్కరలేదు.

మూడోది వలస. ఒడిశా నుంచి తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వచ్చే కూలీల్లో ముందస్తు అప్పుకు చిక్కినవారున్నారు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం వారు వెట్టి కార్మికులని తేలితే, పని చేయించిన ప్రాంతపు మేజిస్ట్రేటు విడుదల ధ్రువపత్రం ఇవ్వాలి. 2016లో కేంద్రం తెచ్చి, తర్వాత సవరించిన పథకం కింద పునరావాస సాయం పురుషుడికి లక్ష, స్త్రీకి లేదా బాలలకు రెండు లక్షలు, అక్రమ రవాణా వంటి ఘోరమైన కేసుల్లో మూడు లక్షల రూపాయలు. పూర్తి మొత్తాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టడం వల్ల చెల్లింపు ఆలస్యమవుతుంది. అయినా ఆ సాయానికి మూలం ఆ పత్రమే. చట్రంలో బిగించి గోడకు వేలాడదీసే పురస్కార పత్రానికి, రైలెక్కి ఊరికి తిరిగి వెళ్లే కూలీ సంచిలో మడతపెట్టి ఉన్న ఈ కాగితానికి ఎంత తేడా ఉందో ఇక్కడ తెలుస్తుంది.

ముందు ముందు ఏమవుతుంది?

రుసుము అవార్డులు తగ్గుతాయని అనుకోవడానికి ఆధారాలు కనిపించడం లేదు. నమోదు సులభం, అచ్చు చవక, ప్రచారం ఉచితం. వాటివల్ల రెండు నష్టాలు పేరుకుంటాయి. అసలైన హక్కుల కార్యకర్తను కూడా అధికారులు ‘మరో కార్డు మనిషి’గా చూడటం ఒకటి. బాధితులు తప్పు గుమ్మం ముందు నెలలు పోగొట్టుకోవడం రెండోది. మొదటిదానికి విరుగుడు కొంతవరకు స్థానిక పత్రికల చేతిలో ఉంది. అవార్డు వార్త వేసేముందు ఇచ్చిందెవరు, ఎంచిందెవరు, డబ్బు ఎటు నుంచి ఎటు వెళ్లింది అన్న మూడు ప్రశ్నలు అడిగితే సగం ఫ్లెక్సీలు వార్తలు కావు.

రెండోదానికి గడియారం ఉంది. ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ విచారణ చేపట్టకూడదని 1993 చట్టం 36వ సెక్షను చెబుతోంది. ఒడిశాలో కలెక్టరు నిర్వహించే గ్రీవెన్స్‌లోనో, మహారాష్ట్రలో నెల మొదటి సోమవారం జరిగే ఫిర్యాదుల రోజు లోక్‌శాహీ దిన్‌లోనో ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోవచ్చు. కమిషన్‌ను 14433 నంబరుకు ఫోను చేసి సంప్రదించవచ్చు, తెల్ల కాగితం మీద తెలుగులో రాసి తపాలాలో పంపవచ్చు. ఏ తేదీన ఏ ఊళ్లో ఏం జరిగింది, ఏ అధికారి చేశారు లేదా చేయవలసింది చేయలేదు, ఇప్పటికే ఎవరికి మొర పెట్టుకున్నారు అన్నవి అందులో ఉండాలి. ఏడాది లెక్క ఘటన జరిగిన రోజు నుంచి మొదలవుతుంది. మధ్యలో ఏ ‘మానవ హక్కుల’ ప్రైవేటు సంస్థకు ఎన్ని అర్జీలిచ్చినా ఆ లెక్క ఆగదు.